ఇంజను తల వేడి: కొలిచేది ఎలా, చదివేది ఎలా



జ్వరం వచ్చిందేమోనని అనుమానం వస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ముందుగా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. అప్పుడే చన్నీళ్ళలో పెట్టి తీసిన చెయ్యి అయితే, జ్వరం లేకపోయినా నుదురు కాలిపోతున్నట్టు అనిపిస్తుంది. పొయ్యి దగ్గర నుంచి వచ్చిన చెయ్యి అయితే, జ్వరం ఉన్నా తెలియకపోవచ్చు. అంటే చెయ్యి చెప్పేది నుదుటి వేడిని కాదు, నుదుటికీ చేతికీ మధ్య ఉన్న తేడాను. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి. పాఠమంతా దీని మీదే నిలబడుతుంది.

ఈ పుటల్లో మేము మామూలుగా పద్యాలు, సామెతలు, పొడుపు కథలు వేస్తుంటాం. ఈసారి ఒక పనిముట్టు గురించి రాస్తున్నాం. కారణం చెబుతాం. తిల్దాలో మా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. అన్నం, నిద్ర, పండుగ, అలక ఇవన్నీ తెలుగులోనే సాగుతాయి. మాట యంత్రం మీదికి మళ్ళగానే భాష కూడా మారిపోతుంది. ఒక భాషలో అమ్మతో మాట్లాడటమే కాదు, పానా పట్టుకుని పని కూడా చేయగలగాలి. అందుకే ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చెప్పి చూద్దాం. గాలితో చల్లబడే కారు ఇంజనుకు వేడిని కొలిచే సాధనం బిగించడం ఆ పని.

1. నీళ్ళు లేని ఇంజను

పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడిలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే. మిగిలిన దానిలో కొంత పొగతో పాటు బయటికి పోతుంది. కొంత ఇంజను లోహంలోకి ఎక్కుతుంది. ఆ ఎక్కిన వేడిని ఎప్పటికప్పుడు తీసేయకపోతే ఇంజను నిలవదు.

తీసేయడానికి రెండు దారులు ఉన్నాయి. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే కార్లన్నీ దాదాపు నీళ్ళ దారివే. ఇంజను చుట్టూ నీళ్ళు తిరిగి, వేడిని తీసుకుని, ముందున్న రేడియేటరులో చల్లారి మళ్ళీ వెనక్కి వస్తాయి. రెండోది గాలి దారి. బుల్లెట్ మోటారు సైకిలు ఇంజను చూడండి. చుట్టూ పలకలు పలకలుగా లోహపు రెక్కలు ఉంటాయి. గ్లాసులో టీ కంటే సాసరులో పోసిన టీ త్వరగా చల్లారుతుంది కదా, గాలి తగిలే చోటు పెరిగింది కనుక. రెక్కల పని కూడా అదే.

బండి పరుగెత్తుతుంటే బుల్లెట్ ఇంజనుకు గాలి తనంతట తానే తగులుతుంది. పాత బజాజ్ చేతక్ స్కూటరులో ఇంజను పక్క రేకు వెనక దాగి ఉండేది. అక్కడికి గాలి చేరదు. అందుకని ఇంజనుతో పాటు తిరిగే ఒక ఫ్యాను పెట్టి, దాని గాలి నేరుగా రెక్కల మీదికి పోయేలా రేకు తొడుగు వేశారు. మన తాతల కాలంలో ఐషర్ కంపెనీ గాలితో చల్లబడే ట్రాక్టర్లను ఇదే దేశంలో తయారుచేసింది. రేడియేటరులో నీళ్ళు పోయడం మరిచిపోయే భయం లేదు కనుక రైతులకు అవి నచ్చాయి.

కార్లలో ఈ పద్ధతికి పేరు మోసింది ఫోక్స్‌వాగన్ బీటిల్. తాబేలు వీపులా గుండ్రంగా ఉండే ఆ కారును మీరు బొమ్మల్లోనో సినిమాల్లోనో చూసే ఉంటారు. ఫెర్డినాండ్ పోర్షె రూపొందించిన ఈ కారు చివరి బండి 2003 జులైలో మెక్సికోలోని ప్యూబ్లా కార్ఖానా నుంచి బయటికి వచ్చింది. అప్పటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా బండ్లు తయారయ్యాయి. దీని ఇంజను వెనక ఉంటుంది. నాలుగు సిలిండర్లు, అటు రెండు ఇటు రెండు, పడుకుని ఉంటాయి. పైన ఫ్యాను, చుట్టూ రేకు తొడుగు. చేతక్ పద్ధతే, కాకపోతే పెద్దది. 1990ల చివర 'న్యూ బీటిల్' అని వచ్చిన కారు చూడటానికి ఇలాగే ఉన్నా, దాని ఇంజను ముందు ఉంటుంది, నీళ్ళతో చల్లబడుతుంది. మన పాఠం పాత బీటిల్ గురించి.

2. ఎర్ర దీపం చెప్పేది, చెప్పనిది

సిలిండరుకు మూతలా కూర్చునే భాగం సిలిండర్ హెడ్. మెకానిక్కులు హెడ్డు అంటారు. మేము ఈ పాఠంలో 'తల' అంటున్నాం. పెట్రోలు మండేది దాని కిందే, స్పార్క్ ప్లగ్గు, కవాటాలు ఉండేది దానిలోనే. ఇంజనులో అన్నిటికంటే వేడెక్కే చోట్లలో ఇది ఒకటి. బీటిల్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి కనుక తలలు పైన కాక కుడి ఎడమల ఉంటాయి.

ఈ తల అల్యూమినియం మిశ్రమ లోహంతో పోసినది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంత దాకా పోనక్కరలేదు. రెండు వందలు దాటి పైకి పోతున్న కొద్దీ దాని బలం తగ్గుతూ వస్తుంది. ప్లగ్గు కూర్చునే మరలు మెత్తబడతాయి, కవాటాల దగ్గర బీటలు వస్తాయి, చివరికి పిస్టను సిలిండరులో పట్టేస్తుంది. పట్టేసిన ఇంజనును బాగు చేయించడం కంటే ఆ ఖర్చుతో ఒక పాత స్కూటరు కొనుక్కోవడమే నయమని అనిపిస్తుంది.

ఇంత ప్రాణం మీదికి వచ్చే విషయానికి పాత బీటిల్‌లో కొలత సాధనమే లేదు. డ్రైవరు ముందు ఒక ఎర్ర దీపం మాత్రం ఉండేది. అది నిజానికి బ్యాటరీని ఛార్జి చేసే డైనమో దీపం. అయితే ఫ్యాను, డైనమో ఒకే ఇరుసు మీద ఉంటాయి, రెండింటినీ తిప్పేది ఒకే బెల్టు. బెల్టు తెగితే ఛార్జింగూ ఆగుతుంది, గాలీ ఆగుతుంది. కనుక దారిలో ఎర్ర దీపం వెలిగితే తెలిసిన డ్రైవరు వెంటనే బండి ఆపేస్తాడు.

కానీ బెల్టు బాగానే తిరుగుతూ, రెక్కల మధ్య ధూళి గట్టకట్టి ఉంటే? తొడుగులో ఒక రేకు ఊడిపోయి గాలి పక్కకు పోతుంటే? దీపం వెలగదు. తల మాత్రం మాడుతూ ఉంటుంది. అందుకే బీటిల్‌ను ప్రేమగా చూసుకునేవాళ్ళు తలకు ఒక కొలత సాధనం విడిగా బిగించుకుంటారు. చిన్న విమానాల్లో ఇది కొత్త సంగతి కాదు. హైదరాబాదు బేగంపేటలో పైలట్ శిక్షణకు వాడిన సెస్నా 152, 172 వంటి విమానాల ఇంజన్లు కూడా గాలితో చల్లబడేవే, వాటికీ నాలుగు సిలిండర్లు పడుకునే ఉంటాయి. లైకమింగ్ కంపెనీ అలాంటి తన ఇంజన్లకు తల వేడి 260 డిగ్రీలు దాటకూడదని హద్దు పెట్టింది. కారు దారి పక్కన ఆపుకోవచ్చు, విమానాన్ని ఆపుకోలేం. కనుక పైలట్లు ఈ సూదిని శ్రద్ధగా చూస్తారు.

ఆయిలు వేడి కొలిస్తే చాలదా అని అడగవచ్చు. ఆయిలు నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగా చల్లారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తల వేడి నిమిషంలో పెరిగిపోతే, ఆయిలు ఆ కబురు చాలా సేపటికి గానీ చెప్పదు.

3. రెండు తీగల ముడి

తల దగ్గరికి మామూలు థర్మామీటరు పోదు. ఇక్కడ పనికొచ్చేది ఉష్ణయుగ్మం. పేరు పెద్దది, వస్తువు చిన్నది. రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక కొసలో కలిపి ముడి వేస్తే అదే ఉష్ణయుగ్మం.

1821లో థామస్ సీబెక్ అనే శాస్త్రవేత్త రెండు వేర్వేరు లోహాలను కలిపి వలయంలా చేసి, ఒక అతుకును వేడి చేస్తే దగ్గరున్న దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. అది అయస్కాంతం పని అని ఆయన అనుకున్నాడు. తీగల్లో విద్యుత్తు పుట్టడం వల్ల ముల్లు కదిలిందని తరువాత తేలింది. దీనికి ఇప్పటికీ సీబెక్ ప్రభావం అనే పేరు.

మన సాధనంలో తరచు వాడేది కె రకం ఉష్ణయుగ్మం. దానిలో ఒక తీగ నికెల్, క్రోమియం కలిసినది, మరొకటి నికెల్, అల్యూమినియం కలిసినది. ముడి వేడిగా, రెండో కొసలు చల్లగా ఉంటే, వాటి మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 41 మైక్రోవోల్టులు పుడతాయి. ముడి 200 డిగ్రీలు, కొసలు 30 డిగ్రీలు అనుకోండి. తేడా 170. దాన్ని 41తో గుణిస్తే 6,970 మైక్రోవోల్టులు, అంటే సుమారు 7 మిల్లీవోల్టులు. టార్చిలో వేసే సెల్లు 1.5 వోల్టులు ఇస్తుంది. దానిలో ఇది రెండు వందల వంతు కంటే తక్కువ. డయలు సూది ఈ చిన్న వోల్టేజితోనే నడుస్తుంది.

లెక్కలో మనం గుణించింది 200ను కాదు, 170ని. నుదుటి మీద చెయ్యి చెప్పినట్టే ఉష్ణయుగ్మం కూడా తేడానే చెబుతుంది. ముడి ఎంత వేడిగా ఉందో తెలియాలంటే రెండో కొస ఎంత వేడిగా ఉందో కూడా తెలియాలి.

4. ఏ సిలిండరుకు?

నాలుగు సిలిండర్లు ఉన్నాయి, సాధనం ఒక్కటే. దేనికి బిగించాలి?

పాత బీటిల్‌లో జవాబు మూడో సిలిండరు. కారులో ముందుకు చూస్తూ కూర్చున్నవారికి ఎడమ వైపున్న రెండింటిలో ముందుది అది. ఫ్యాను తొడుగు లోపల ఆయిలును చల్లార్చే భాగం సరిగ్గా దాని దారిలో నిలబడి ఉండేది. ఫ్యాను గాలి ముందు ఆయిలు వేడిని తీసుకుని, ఆ తరువాత మూడో సిలిండరు మీదికి పోయేది. అప్పటికే వేడెక్కిన గాలి, అదీ కాస్త తగ్గిన గాలి. అందుకని కొన్ని మోడళ్ళలో మూడో సిలిండరుకు నిప్పురవ్వ కొద్దిగా ఆలస్యంగా అందేలా కంపెనీయే ఏర్పాటు చేసింది. 1971 మోడలు నుంచి ఆయిలు చల్లార్చే భాగాన్ని పక్కకు జరిపి, దాని వేడి గాలి విడిగా బయటికి పోయే దారి ఇచ్చారు.

చల్లగా ఉండే సిలిండరుకు సాధనం బిగించి, ఇంజను క్షేమమని సంతోషపడితే కష్టాల్లో ఉన్నవాడిని వదిలేసి హాయిగా ఉన్నవాడిని పలకరించి వచ్చినట్టే. కొలత పెట్టేది ఇబ్బంది ఎక్కువ ఉన్న చోట.

5. బిగించే క్రమం

ఈ పని పెద్దవాళ్ళది, అదీ చేయి తిరిగిన మెకానిక్కుది. మీరు పక్కన నిలబడి చూడండి, ఏ మెట్టు ఎందుకో అడగండి.

మొదటి మెట్టు: పరీక్ష. ఈ ఉష్ణయుగ్మం ముడి ఒక రాగి ఉంగరంలో అమర్చి ఉంటుంది. ఉంగరం స్పార్క్ ప్లగ్గు కింద వాచరులా కూర్చుంటుంది. బిగించే ముందే డయలుకు కలిపి, ఉంగరాన్ని మరుగుతున్న నీళ్ళలో ముంచి చూడాలి. మన ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తు కనుక నీళ్ళు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సూది అక్కడికి రావాలి. వేడి చేస్తుంటే సూది వెనక్కి పోతే తీగలు తారుమారు అయ్యాయన్న మాట. బడిలో ఎరుపు అంటే ధనం అని నేర్చుకున్నాం. కానీ అమెరికా పద్ధతిలో రంగులు వేసిన ఉష్ణయుగ్మాల్లో ఎరుపు తీగ రుణం. రంగును నమ్మకుండా కాగితంలో ఏముందో చదవాలి.

రెండో మెట్టు: ఇంజను పూర్తిగా చల్లారాలి. రాత్రంతా వదిలేస్తే మంచిది. వేడి మీద ఉన్న అల్యూమినియం తలలోంచి ఉక్కు ప్లగ్గును విప్పితే మరలు ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

మూడో మెట్టు: ప్లగ్గు చుట్టూ గాలి కొట్టి శుభ్రం చేయాలి. ప్లగ్గు తీశాక అక్కడున్నది నేరుగా సిలిండరులోకి పోయే కన్నం. ఒక్క ఇసుక రేణువు పడినా లోపల గీతలు పడతాయి.

నాలుగో మెట్టు: ప్లగ్గుకు ఉంగరం తొడగాలి. ప్లగ్గుతో వచ్చిన వాచరు ఉంచాలా తీయాలా అన్నది సాధనం తయారుచేసినవారి కాగితం ప్రకారం చేయాలి. ప్లగ్గు తలలోకి దిగే లోతు మారకూడదన్నది అసలు సూత్రం. ఉంగరానికి ఉండే తోకను పక్కనున్న లోహానికి రాసుకోకుండా మెల్లగా వంచాలి. రెండుసార్లు అటూ ఇటూ వంచితే తెగిపోతుంది.

అయిదో మెట్టు: ప్లగ్గును చేత్తోనే తిప్పుతూ ఎక్కించాలి. బీటిల్‌లో చెయ్యి సరిగా పోదు. అందుకని అనుభవం ఉన్నవాళ్ళు ప్లగ్గు వెనక కొసకు జానెడు రబ్బరు గొట్టం తొడిగి, దానితో తిప్పుతారు. మర తప్పితే గొట్టం జారిపోతుంది, తల పాడుకాదు. పానాతో మొదలుపెడితే మర తప్పిన సంగతి తెలిసేసరికి తల పాడైపోతుంది. నాలుగైదు చుట్లు సులువుగా ఎక్కాకే పానా పట్టాలి. చివరి బిగింపు టార్క్ రెంచితో, కారు పుస్తకంలో రాసినంతే.

ఆరో మెట్టు: ప్లగ్గు తీగకు ఉండే రబ్బరు మూత తొడుగు కన్నాన్ని కూడా మూస్తుంది. మన సాధనం తీగ ఆ పక్కగా బయటికి వస్తుంది. సందు మిగిలితే చల్లార్చే గాలి అక్కడి నుంచి కారిపోతుంది. వేడి కొలవబోయి వేడి పెంచినట్టు అవుతుంది. తీగ పట్టేంత చిన్న గాటు పెట్టి, మూత మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాలి.

ఏడో మెట్టు: తీగను వెనకనున్న ఇంజను నుంచి ముందున్న డయలు దాకా నడిపించాలి. పొగ గొట్టానికి, బెల్టుకు, నిప్పురవ్వ తీగలకు దూరంగా పోనివ్వాలి. రేకు గుండా పోయే చోట రబ్బరు వలయం పెట్టాలి. తీగ పొడవు ఎక్కువైతే చుట్ట చుట్టి కట్టేయాలి గానీ కత్తిరించకూడదు. తక్కువైతే అదే రకం ఉష్ణయుగ్మ తీగతో పొడిగించాలి గానీ మామూలు రాగి తీగ అతకకూడదు. ఎందుకో తరువాతి భాగంలో చూద్దాం.

6. తిల్దాలో మే, తిల్దాలో జనవరి

కొన్ని పాత, చవక డయళ్ళు రెండో కొస వేడిని కొలవవు. కొస ఎప్పుడూ 25 డిగ్రీలు ఉంటుందని అనుకుని, తేడాకు 25 కలిపి చూపిస్తాయి. అలాంటి డయలు ఉన్న బీటిల్ ఒకటి తిల్దాలో ఉందని ఊహించుకోండి. తల అసలు వేడి రెండు కాలాల్లోనూ 200 డిగ్రీలే అనుకుందాం.

మే నెల మధ్యాహ్నం. బియ్యం మిల్లుల గోడలు కూడా సెగలు కక్కే వేళ. డయలు వెనక 45 డిగ్రీలు. అసలు తేడా 200లోంచి 45 తీస్తే 155. డయలు దానికి 25 కలిపి 180 చూపిస్తుంది.

జనవరి తెల్లవారుజాము. స్టేషను మంచులో కనిపించని వేళ. డయలు వెనక 12 డిగ్రీలు. తేడా 188. డయలు 25 కలిపి 213 చూపిస్తుంది.

తల వేడి ఒక్కటే, సూది చెప్పిన అంకెలు రెండు. పైగా తప్పు ఎటు పోయిందో గమనించారా? ఇంజనుకు ఎక్కువ ప్రమాదం ఉండే మే నెలలో సూది తక్కువ చూపించి ధైర్యం చెబుతోంది. అంత భయం లేని జనవరిలో ఎక్కువ చూపించి బెదిరిస్తోంది. అక్కరకు రావలసిన రోజునే అబద్ధం చెప్పే సాధనం ఇది.

మంచి డయళ్ళలో కొస దగ్గర ఒక చిన్న థర్మామీటరు లాంటిది ఉంటుంది. అది కొస వేడి ఎంతో చూసి, అంతే కలుపుతుంది. మేలో 155కు 45, జనవరిలో 188కి 12. రెండుసార్లూ 200. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఇదే: "ఈ డయలు కొస వేడిని కలుపుకుంటుందా?"

ఇక రాగి తీగ సంగతి. ఇంజను గదిలో, 70 డిగ్రీల వేడి ఉన్న చోట, తీగ తెంపి రాగి తీగ అతికారనుకోండి. ఇప్పుడు ఉష్ణయుగ్మం అక్కడితో ముగిసింది. రెండో కొస డయలు దగ్గర లేదు, ఆ అతుకు దగ్గర ఉంది. తేడా 200లోంచి 70 తీస్తే 130. మంచి డయలైనా తన వెనకున్న 45నే కలుపుతుంది. కనుక 175 చూపిస్తుంది. డయలు మంచిదే, ముడి మంచిదే, మధ్యలో ఎవరికీ తెలియకుండా పోలిక మారిపోయింది.

7. సూది పైకి పోతే

ప్లగ్గు కింద కొలిచినప్పుడు బీటిల్ తల సాధారణంగా 200 డిగ్రీల లోపు ఉండాలని వాడేవాళ్ళు చూసుకుంటారు. విమానం ఇంజనుకు చెప్పిన 260ని దీనికి అంటించకూడదు. అక్కడ కొలిచేది ప్లగ్గు కింద కాదు, తలలోనే అందుకోసం చేసిన గుంటలో. కొలిచిన చోటు వేరైతే హద్దు కూడా వేరు.

ఎత్తు ఎక్కేటప్పుడు సూది పెరగడం, తరువాత దిగడం సహజం. ఇంజను ఆపగానే కాస్త పైకి పోయినా కంగారు పడనక్కరలేదు, ఫ్యాను కూడా ఆగింది కదా. చదును రోడ్డు మీద, మామూలు వేగంలో, రోజురోజుకూ కొంచెం కొంచెం పెరుగుతుంటే మాత్రం కారణం వెతకాలి. బెల్టు వదులైందా? రేకు తొడుగులో ఎక్కడైనా సందు ఉందా? కార్బురేటరు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ కలుపుతోందా? నిప్పురవ్వ వేళకు ముందే పడుతోందా? రెక్కల మధ్య ఏమైనా పేరుకుందా?

చివరి ప్రశ్న మన ఊళ్ళో ముందుగా అడగాలి. తిల్దా చుట్టూ వరి పొలాలు, ఊరినిండా బియ్యం మిల్లులు. గాలిలో ఊక, తవుడు ధూళి. బైకుంఠ్ వైపు పోతే సిమెంటు దుమ్ము. ఇవి ఆయిలు జిడ్డుతో కలిస్తే రెక్కల మధ్య దుప్పటిలా పరుచుకుంటాయి. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని పరుగెత్తినట్టు ఉంటుంది ఇంజను పని. బీటిల్ మన వీధిలో లేకపోవచ్చు. గాలితో చల్లబడే మోటారు సైకిలు చాలా ఇళ్ళ ముందు ఉంటుంది. దాని రెక్కలు ఓసారి చూడండి.

8. ఊరు మారే మనకు

మనమంతా బదిలీల వాళ్ళం. స్కూటరును రైల్లో పంపాలంటే పెట్రోలంతా తీసేసి, గోనె చుట్టి, దాని మీద ఊరి పేరు రాయాలని మీకు చిన్నప్పటి నుంచే తెలుసు. ఊరు మారినప్పుడు మీకు కూడా ఎవరో ఒకరు ఒక అంకె రాస్తారు.

విశాఖలో అయిదో తరగతి దాకా చదివి, సగం సంవత్సరంలో ఇక్కడికి వచ్చిన పిల్లను తీసుకోండి. ఇక్కడ తోటి పిల్లలు "నీకు హిందీ రాదు" అంటారు. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరు వెళితే పెదనాన్న పిల్లలు "నీ తెలుగులో హిందీ కలిసిపోయింది" అంటారు. పిల్ల ఒక్కతే. అంకెలు రెండు. ఎవరి కొస నుంచి వాళ్ళు కొలిచారు. మేమూ ఊళ్ళు తిరిగి పాఠాలు చెప్పినవాళ్ళమే. ఒక ఊళ్ళో మెచ్చుకున్న మాట తీరును మరో ఊళ్ళో విని నవ్వినవాళ్ళను చూశాం.

అలాంటి మాట వినగానే రెండు పనులు చేయకండి. ఆ అంకెను అలాగే నమ్మి, నేనింతే అనుకోకండి. అది తప్పని కొట్టిపారేసి, డయలు పీకేయకండి. తేడా అన్నది నిజంగానే ఉంది. కొత్త ఊళ్ళో వెనకబడిన పాఠాలు ఉంటే చదువుకోవలసిందే. కానీ "దేనితో పోల్చి?" అని అడగండి. వచ్చి ఎన్ని నెలలైంది, అంతకుముందు ఏం చదివాను, ఏ భాషలో చదివాను అన్నవి కలుపుకుని లెక్క వేయండి. మా ఉపాధ్యాయులకు కూడా ఇదే మాట చెప్పుకుంటున్నాం. సంవత్సరం మధ్యలో వచ్చిన విద్యార్థి మొదటి పరీక్ష మార్కుల పక్కన, చేరిన తేదీ కూడా రాయాలి. కొస వేడి కలపని అంకెతో ఒక పిల్ల గురించి తీర్పు చెప్పకూడదు.

పదాలు నేర్చుకుందాం

ఉష్ణోగ్రత: వేడి ఎంతో చెప్పే కొలత.
ఉష్ణయుగ్మం: రెండు వేర్వేరు లోహాల తీగల జత. యుగ్మం అంటే జంట.
రెక్కలు: ఇంజను చుట్టూ వేడిని గాలికి వదిలే పలచని లోహపు పలకలు.
తొడుగు: ఫ్యాను గాలి పక్కకు పోకుండా ఇంజనును కప్పే రేకు.
కవాటం: గాలి, పొగ లోనికీ బయటికీ పోయే దారిని తెరిచి మూసే తలుపు.
మర: మరమేకుకు, ప్లగ్గుకు ఉండే మెలిక గాడి. 'మర తప్పడం' అంటే గాడిలో కాక అడ్డంగా ఎక్కడం.
పానా: నట్టు, బోల్టు బిగించే పనిముట్టు.
పట్టేయడం: వేడికి పిస్టను సిలిండరులో కదలకుండా బిగుసుకుపోవడం.
ఊక: వడ్లు ఆడినప్పుడు వచ్చే పొట్టు.

అభ్యాసం

1. తల 190 డిగ్రీలు, డయలు వెనక 40 డిగ్రీలు. కొస ఎప్పుడూ 25 అనుకునే డయలు ఎంత చూపిస్తుంది? అసలు వేడికి ఎంత తక్కువ?

2. పై లెక్కలో ఉష్ణయుగ్మం ఇచ్చే వోల్టేజి సుమారు ఎన్ని మిల్లీవోల్టులు?

3. పాత బీటిల్‌లో మూడో సిలిండరు మిగతా వాటికంటే ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది? మూడు వాక్యాల్లో రాయండి.

4. ఎర్ర దీపం వెలగకపోయినా తల మాడిపోయే సందర్భాలు రెండు చెప్పండి.

5. మూడు గిన్నెలు తీసుకోండి. ఒకదానిలో చన్నీళ్ళు, ఒకదానిలో చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళు, మధ్య దానిలో గోరువెచ్చని నీళ్ళు. కుడి చెయ్యి చన్నీళ్ళలో, ఎడమ చెయ్యి వేడినీళ్ళలో ఒక నిమిషం ఉంచి, రెండూ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టండి. ఏ చెయ్యి ఏం చెప్పింది? ఎందుకు?

6. మీ ఇంట్లోనో వీధిలోనో జరిగే ఒక పనిని (సైకిలు పంక్చరు వేయడం, కుక్కరు మూతకు రబ్బరు మార్చడం, కుట్టు మిషనుకు సూది బిగించడం) మొదటి నుంచి చివరి దాకా మెట్టు మెట్టుగా తెలుగులో రాయండి. తెలియని మాటను ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళకూ తెలియకపోతే ఆ వస్తువు ఏం చేస్తుందో చెప్పి వదిలేయండి. మీరు రాసింది తెలుగు విభాగానికి ఇవ్వండి. వచ్చే సంచికలో చోటు ఉంచుతాం. ఆ లోగా మీకు బదిలీ అయితే, కొత్త ఊరి నుంచి పంపినా తీసుకుంటాం.